గాలికి పోతున్న డబ్బు

ఇంట్లో కారు కొనాలన్న ఆలోచన పుట్టగానే మొదలయ్యే చర్చ మీకు తెలియంది కాదు. రంగు దగ్గర ఇల్లాలిది ఒక మాట, పిల్లలది ఇంకో మాట. అవన్నీ ఎలాగో తేలిపోతాయి. తేలనిది ఒకటే... పెట్రోలా, డీజిలా, గ్యాసా? దానికి మాత్రం ఎదురింటాయన దగ్గర్నుంచి ఆఫీసులో అటెండరు దాకా అందరూ సలహాదారులే. మొత్తానికి ఓ మంచిరోజు చూసి బండి తెచ్చుకుంటాం. కొబ్బరికాయ కొడతాం. నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అంతే! ఆ టైర్ల వంక మళ్లీ పంక్చరు పడేదాకా కన్నెత్తి చూడం.

ముప్పై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. ఉండేది ఖమ్మంలో. పదేళ్ల కిందట కొన్న చిన్న పెట్రోలు కారు ఒకటుంది నాకు. దాని డ్యాష్‌బోర్డు అరలో ఓ చేతి పుస్తకం ఉంటుంది. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మీటరు మీద కిలోమీటర్లు అందులో ఎక్కాల్సిందే. 'బంగారం కొన్నా ఇంత శ్రద్ధగా రాయరు' అంటుంది మా ఆవిడ. ఆమె మాట ఎలా ఉన్నా, బంధువుల్లో ఎవరు కారు కొనాలన్నా ఒకసారి నాకు ఫోను చేయడం ఆనవాయితీ అయిపోయింది. వాళ్లందరికీ విడివిడిగా చెప్పినవన్నీ ఒకచోట రాస్తే నలుగురికీ పనికొస్తాయనిపించింది.

కిలోమీటరుకు ఎంత?

మనం కారు ధర అడుగుతాం. లీటరు ధర అడుగుతాం. కిలోమీటరు ధర మాత్రం అడగం. నిజానికి మన జేబుకు చిల్లు పెట్టేది అదే. దాన్ని తెలుసుకోవడం చాలా తేలిక. బంకులో ట్యాంకు నింపించండి. పైపు దానంతటదే టక్కున ఆగిపోయాక ఇంకో రెండు చుక్కలు కొట్టించకండి. మీటరు రీడింగు రాసుకోండి. మళ్లీ పోయించేటప్పుడు కూడా అలాగే నింపించి, ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. మొదటిసారి 38,420, రెండోసారి 38,910 అయితే నడిచింది 490 కిలోమీటర్లు. పట్టింది 30.6 లీటర్లు. అంటే లీటరుకు 16 కిలోమీటర్లు. ఒకసారి చూసి వదిలేయకుండా నాలుగైదు సార్లు సగటు కడితే అదే మీ బండి అసలు మైలేజీ. ప్రకటనలో చెప్పిన అంకె పరీక్ష గదిలో వచ్చింది. మీ అంకె మీ వీధి గుంతల్లో, మీ ట్రాఫిక్‌లో, మీ ఏసీతో వచ్చింది. లెక్కకు పనికొచ్చేది రెండోదే.

లీటరు పెట్రోలు 108 రూపాయలు అనుకుందాం. ధరలు మారుతుంటాయి కాబట్టి మీ ఊరి ధర మీరు వేసుకోండి. 16 కిలోమీటర్ల మైలేజీకి కిలోమీటరుకు 6 రూపాయల 75 పైసలు పడుతుంది. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి 81 వేల రూపాయలు! సర్వీసింగు, బీమా, టైర్లు ఇవన్నీ వేరే. ఈ 81 వేలు గుర్తుంచుకోండి. ఇకముందు చెప్పేదంతా దీనిమీదే.

మూడు ఇళ్లు, మూడు జవాబులు

మా తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆఫీసు. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతాడు. మా మేనల్లుడు విజయవాడలో సొంత కారు క్యాబుగా నడుపుతాడు. వాడిది ఏడాదికి 45 వేలకు తక్కువుండదు. ఇక నేను. కూరగాయలకు, గుడికి, అప్పుడప్పుడూ పెళ్లిళ్లకు... అంతా కలిపి అయిదువేలు. కిందటి ఏడాది తమ్ముడూ మేనల్లుడూ ఒకేసారి అడిగారు, ఏ బండి తీసుకోమంటావని. ఇద్దరికీ ఒకే జవాబు చెబితే ఇద్దరిలో ఒకరిని ముంచినట్టే!

లెక్క చూడండి. డీజిల్ లీటరు 96 రూపాయలు, మైలేజీ 20 అనుకుంటే కిలోమీటరుకు 4 రూపాయల 80 పైసలు. పెట్రోలు మీద దాదాపు రెండు రూపాయల ఆదా. లీటరు డీజిల్లో లీటరు పెట్రోల్లో కన్నా పది శాతానికి పైగా శక్తి ఎక్కువ. దానికితోడు ఆ ఇంజన్ గాలిని గట్టిగా నొక్కి పనిచేస్తుంది. అందుకే ఆ మైలేజీ. అయితే అదే కారు డీజిల్లో కొంటే ధర లక్షా పాతిక వేలు ఎక్కువనుకుందాం. ఆ పాతిక వేలతో సహా రాబట్టుకోవాలంటే సుమారు 64 వేల కిలోమీటర్లు తిరగాలి. మా మేనల్లుడికి అది ఏడాదిన్నర పని. మా తమ్ముడికి అయిదేళ్లు దాటుతుంది. నాకైతే పదమూడేళ్లు! అప్పటికి బండి ఉంటుందా, నేను ఉంటానా అన్నది ఆ పైవాడికే తెలియాలి.

మరో సంగతి ఉంది. ఆ లక్షా పాతిక వేలు నేను బ్యాంకులో డిపాజిట్ వేసుకుంటే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 8,750 రూపాయలు వస్తాయి. డీజిల్ బండిలో అయిదువేల కిలోమీటర్లు తిరిగితే నాకు మిగిలేది 9,750. ఈ రెంటికీ తేడా వెయ్యి రూపాయలు. దానికోసం అంత డబ్బు ముందే పోయాలా?

ఇక గ్యాసు. సీఎన్‌జీని లీటర్లలో కాకుండా కిలోల్లో అమ్ముతారు. కిలో 96 రూపాయలు, కిలోకు 24 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు సరిగ్గా నాలుగు రూపాయలు. అదనపు ధర 95 వేలు అనుకుంటే అటూఇటూగా 35 వేల కిలోమీటర్లలో చేతికొచ్చేస్తుంది. మేనల్లుడికి ఏడాదిలోపే! వాడు అదే కొన్నాడు. డిక్కీలో సగానికి పైగా సిలిండరే ఉంటుంది. బంకు దగ్గర క్యూ ఉంటుంది. మూడేళ్లకోసారి సిలిండరుకు పరీక్ష చేయించాలి. వాడి మాటల్లోనే చెప్పాలంటే, 'క్యూలో అరగంట నిలబడితే రోజుకు మూడొందలు మిగులుతున్నాయి మావయ్యా, ఇంకేం కావాలి?' తమ్ముడు మాత్రం పెట్రోలే తీసుకున్నాడు. అమ్మను ఊరికి తీసుకొచ్చేటప్పుడు డిక్కీ నిండా సామాను ఉంటుంది మరి.

కరెంటు కారు సంగతీ చెప్పుకోవాలి. ఇంట్లో చార్జింగు పెట్టుకునే వీలుండి, యూనిట్ 8 రూపాయలు, యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు రూపాయి 33 పైసలే. చాలా తక్కువ. కానీ ముందుగా పెట్టే అదనపు డబ్బు కూడా అంతకంత ఉంటుంది. అక్కడా సూత్రం ఒకటే. అదనంగా పెట్టిన డబ్బును కిలోమీటరుకు మిగిలే డబ్బుతో భాగించండి. వచ్చిన అంకె మీరు అయిదేళ్లలో తిరిగే దూరం కన్నా తక్కువైతే కొనండి. ఎక్కువైతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఎప్పటి మాటో ఇప్పటికీ...

'డీజిల్ బండి అంటే డబ్బు ఆదా' అన్న మాట మన ఇళ్లల్లో ఇంకా ఎందుకు వినిపిస్తోందంటే, ఒకప్పుడు అది అక్షరాలా నిజం కాబట్టి. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు దాటినప్పుడు డీజిల్ 41 రూపాయల లోపే ఉండేది. లీటరుకు ముప్పై రూపాయలకు పైగా తేడా! డీజిల్ బండ్ల కోసం జనం నెలల తరబడి ఎదురుచూసిన రోజులవి. పెట్రోలు ధర మీద నియంత్రణను ప్రభుత్వం 2010 జూన్‌లోనే ఎత్తేసింది. డీజిల్ మీద 2014 అక్టోబరులో ఎత్తేసింది. ఆ తర్వాత తేడా కరిగిపోతూ వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. పొగను శుభ్రం చేసే సామగ్రి డీజిల్ బండ్లకు తప్పనిసరై వాటి ధర పెరిగింది. మారుతి సంస్థ ఆ ఏడాదే డీజిల్ కార్లు ఆపేసింది.

ఇక్కడ మా బావమరిది గురించి చెప్పాలి. ఉండేది హనుమకొండలో. ఆఫీసు ఇంటికి మూడు కిలోమీటర్లు. పాత మాటే నమ్మి పెద్ద డీజిల్ బండి కొన్నాడు. కొన్నాళ్లకు ముందు అద్దం కింద ఓ పసుపు దీపం వెలగడం మొదలెట్టింది. బీఎస్-6 డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. బండి కాస్త వేగంగా, ఓ పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా నడిస్తే ఆ వేడికి మసి కాలిపోయి జల్లెడ శుభ్రపడుతుంది. మూడు కిలోమీటర్ల ప్రయాణంలో అది వేడెక్కేదెప్పుడు? ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే హైదరాబాదు రోడ్డు మీద జనగామ దాకా ఊరికే వెళ్లొస్తున్నాడు. 'డీజిల్ ఆదా కోసం డీజిల్ తగలేస్తున్నాను బావగారూ' అని తనమీద తనే జోకు వేసుకుంటాడు. బండి మంచిదే. అది కోరుకునే దూరం ఆ ఇంట్లో లేదు, అంతే.

ఖరీదైన పెట్రోలు పోస్తే?

బంకులో మామూలు పెట్రోలు పక్కనే మరో పైపు ఉంటుంది. రంగురంగుల పేరు, లీటరుకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువ. 'అది పోయిస్తే మైలేజీ పెరుగుతుందట కదా మాస్టారూ' అని అడుగుతుంటారు. అది చాలావరకు ఆక్టేన్ తేడా. ఇటీవలి దాకా మన దగ్గర మామూలు పెట్రోలు 91 ఆక్టేన్, ఖరీదైనది 95 లేదా ఆపైన ఉండేది. ఆక్టేన్ అంటే బలం అనుకుంటారు చాలామంది. నిజానికి అది పెట్రోలుకున్న ఓర్పు. ఇంజన్‌లో గాలితో కలిసి గట్టిగా నొక్కుకుపోయినప్పుడు, నిప్పురవ్వ పడేదాకా ఆగకుండా తనంతట తానే భగ్గుమంటే ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. అలా తొందరపడకుండా ఆగే గుణమే ఆక్టేన్. ఎక్కువ నొక్కే ఇంజన్లకు ఎక్కువ ఓర్పున్న పెట్రోలు కావాలి. 91 చాలని చెప్పిన ఇంజన్‌కు 95 పోస్తే ఆ అదనపు ఓర్పుతో దానికి పని లేదు. పైగా లెక్క ఉండనే ఉంది. 108 రూపాయల చోట 116 పెడితే, మైలేజీ ఏడు శాతానికి పైగా పెరిగితేనే ఆ డబ్బు గిట్టుబాటు. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో మామూలు పెట్రోలు కన్నా ఎక్కువ ఆక్టేన్ కావాలని రాసి ఉంటే అదే పోయించండి. లేకపోతే మామూలుది చాలు.

తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువొస్తుందన్న నమ్మకం కూడా ఉంది. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు కుంచించుకుంటుందన్నది నిజమే. డిగ్రీకి వెయ్యోవంతు. కానీ బంకులో ట్యాంకు భూమి లోపల ఉంటుంది. అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. పోనీ అయిదు డిగ్రీల తేడా ఉందనే అనుకుందాం. ముప్పై లీటర్లకు 150 మిల్లీలీటర్లు... అంటే 16 రూపాయలు. అంతకన్నా హాయిగా పడుకోవడం మేలు.

ఇథనాల్ సంగతి మాత్రం కాస్త ఆలోచించాల్సిందే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. 2025కల్లా దేశమంతటా ఆ స్థాయికి చేరుకున్నాం. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్లో కన్నా మూడోవంతు తక్కువ. 20 శాతంలో మూడోవంతు అంటే ఆరున్నర శాతం పైచిలుకు. 2021లో నీతి ఆయోగ్ నివేదిక పాత కార్లకు చెప్పిన మైలేజీ నష్టమూ అంతే, ఆరేడు శాతం. ఇథనాల్‌కు తగ్గట్టు మార్పులు చేసిన ఇంజన్లలో అది ఒకటి రెండు శాతమే ఉంటుందని అదే నివేదిక చెప్పింది. నా పుస్తకంలో పదహారుండే సగటు ఇప్పుడు పదిహేనుంబావు దగ్గరికి దిగింది. ఇందులో ఇథనాల్ వాటా ఎంత, ఏసీ వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. దీనివల్ల విదేశాల నుంచి కొనే చమురు తగ్గుతుంది, చెరకు, మొక్కజొన్న రైతులకు గిరాకీ ఉంటుంది. అదొక పక్క. మన ఇంటి ఖర్చు ఇంకో పక్క. ఏదేమైనా బంకులో మామూలు పైపు దగ్గర మనకు ఎంచుకునే వీలు లేదు. బండి కొన్నాక ఇంధనం విషయంలో మన చేతుల్లో మిగిలేది చాలా తక్కువ.

మన చేతుల్లో ఉన్నది వేరే ఉంది. అదీ ఉచితంగా!

బండి బరువు మోసేదెవరు?

గాలి లేని సైకిలు తొక్కినవాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. పిక్కలు లాగేస్తాయి. ఇసుకలో బండి లాగినట్టుంటుంది. కారుకూ అంతే. కాకపోతే లాగేది మన పిక్కలు కావు కాబట్టి మనకు తెలియదు. ఆ బాధ పెట్రోలు రూపంలో పోతుంది.

టన్ను బరువున్న కారును రోడ్డు మీద ఆనించేవి నాలుగే నాలుగు చోట్లు. ఒక్కోటీ అరచేతికన్నా కాస్త పెద్దది. ఆ బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తగ్గితే టైరు చతికిలబడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ దాని పక్కగోడ వంగుతుంది, లేస్తుంది, మళ్లీ వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి చేత్తో ముట్టుకోండి, కాలుతుంది. టైరులోనూ జరిగేది అదే. ఆ వేడికి ఖర్చయ్యేది మన పెట్రోలే.

ఎంత ఖర్చవుతుంది? అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్ల సగటు గాలి ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. టైరు ఏ లోపం లేకున్నా నెలకు ఒక పీఎస్ఐ దాకా గాలి తనంతట తానే కారిపోతుంది. 33 ఉండాల్సిన టైరును ఎనిమిది నెలలు వదిలేస్తే 25కి దిగుతుందన్నమాట. ఎనిమిది పాయింట్లకు 1.6 శాతం. మన 81 వేల మీద 1,300 రూపాయలు. గాలి సరిచూస్తే పెట్రోలు సగానికి సగం ఆదా అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంతే.

అసలు నష్టం టైర్ల దగ్గర ఉంది. గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ అరుగుతాయి. ఎక్కువైతే నడుమ అరుగుతుంది. నాలుగు టైర్లు 20 వేలు, 40 వేల కిలోమీటర్లు రావాలి అనుకుందాం. కిలోమీటరుకు 50 పైసలు. ఆ టైర్లు ముప్పై వేలకే అరిగిపోతే 67 పైసలు. ఏడాదికి 12 వేల కిలోమీటర్లకు రెండువేల రూపాయలు అదనం. పెట్రోలుతో కలిపి 3,300. ఇదంతా పెట్రోలు బంకులో ఉచితంగా దొరికే గాలి కోసం! బంకులో గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన కూడా. పదో ఇరవయ్యో చేతిలో పెడితే అది ఆ కుర్రాడి మీద మన అభిమానం, అంతే.

డబ్బుకు మించిన లెక్క

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో మన ఇళ్లల్లో తప్పకుండా వినిపించే సలహా ఒకటుంది. 'ఎండాకాలం కదా, టైర్లలో గాలి కాస్త తీయించు. లేకపోతే పేలిపోతాయి.' పెద్దవాళ్లు చెబుతారు, డ్రైవర్లు చెబుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ముందే తగ్గిస్తే మంచిదే కదా అని.

రెండేళ్ల కిందట మే నెలలో మా ఇంట్లో పెళ్లికి తమ్ముడు హైదరాబాదు నుంచి కుటుంబంతో బయల్దేరాడు. కారులో అమ్మ, మరదలు, ఇద్దరు పిల్లలు, డిక్కీలో పెళ్లి సామాను. ముందురోజు ఎవరో చెప్పారని నాలుగు టైర్లలోనూ గాలి తీయించి మరీ ఎక్కాడు. సూర్యాపేట దాటకముందే బండి ఎడమవైపు లాగుతున్నట్టు అనిపించి, రోడ్డు పక్క టైర్ల షాపు దగ్గర ఆపాడు. మిస్త్రీ వెనక టైరు మీద చెయ్యిపెట్టి చటుక్కున తీసేశాడట. టైరు విప్పి లోపల వేలితో రాస్తే నల్లటి పొడి... రబ్బరు పొడి! పక్కగోడ లోపల చుట్టూ ఒక గీత పడి ఉంది. 'దీనికి గాలి కొట్టి పంపమంటే నేను పంపను సార్. లోపల పీచు చచ్చిపోయింది. ఇంకో యాభై కిలోమీటర్లు ఈ ఎండలో పోయుంటే ఏమయ్యేదో చెప్పలేను' అన్నాడట. స్టెప్నీ చూస్తే అందులోనూ గాలి సగమే. దాన్ని ఎప్పుడూ ఎవరూ చూడలేదు మరి. మిస్త్రీ దాంట్లో గాలి నింపి బిగించాక నెమ్మదిగా వచ్చారు. అమ్మకు ఇవేమీ తెలియవు. 'దారిలో చల్లటి మజ్జిగ తాగాంరా' అని చెప్పింది దిగగానే. తమ్ముడి ముఖం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

అసలు సంగతేమిటంటే, టైరు నడిచినకొద్దీ వేడెక్కి గాలి నాలుగైదు పీఎస్ఐలు పెరగడం మామూలే. దాన్ని లెక్కలో వేసుకునే కంపెనీ వాళ్లు అంకె నిర్ణయిస్తారు. గాలి తీసేస్తే టైరు మరింత వంగుతుంది. వంగేకొద్దీ మరింత వేడెక్కుతుంది. కింద కాగుతున్న రోడ్డు, లోపల నిండు బరువు, వంద కిలోమీటర్ల వేగం... టైరు పేలడానికి కావాల్సినవన్నీ మనమే సమకూర్చినట్టవుతుంది. ఎండాకాలం గాలి తగ్గించకూడదు. నిండుగా మనుషులతో, సామానుతో వెళ్లేటప్పుడు ఎంత ఉండాలో బండి మీదే రాసి ఉంటుంది. చాలా బండ్లకు అది మామూలు అంకె కన్నా ఎక్కువే.

చలికాలం దీనికి రెండోవైపు. వాతావరణం అయిదారు డిగ్రీలు చల్లబడితే ఒక పీఎస్ఐ పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో గాలి కొట్టించిన బండిని డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో 12 డిగ్రీల చలిలో తీస్తే, కారిపోయిన గాలి కాక ఇంకో అయిదు పీఎస్ఐలు తక్కువ చూపిస్తుంది.

ఎంత కొట్టించాలి?

బంకులో కుర్రాడు 'ఎంత పెట్టమంటారు సార్' అని అడిగితే, మనలో చాలామంది నోటికొచ్చిన మాట 'ముప్పై అయిదు'. ఏ కారైనా, ఏ టైరైనా అదే! మీ అంకె మీ బండి మీదే ఉంది. డ్రైవరు తలుపు తీసి ఆ చట్రం మీద చూడండి, చిన్న స్టిక్కరు ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, తక్కువమంది ఉంటే ఎంత, నిండుగా ఉంటే ఎంత అని. కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసి ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. అది మనకు అక్కర్లేదు.

గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు. అంటే బండి ఆపి మూడు గంటలైనా అయ్యుండాలి, లేదా ఇంటి పక్క బంకు దాకా ఒకటి రెండు కిలోమీటర్లే నడిచి ఉండాలి. దూరప్రయాణం మధ్యలో చూసి, ఎక్కువుందని తీయించకండి. నెలకోసారి, దూరం వెళ్లే ముందురోజు ఒకసారి చూస్తే చాలు. కొన్ని వందల రూపాయలకు చేతిలో పట్టే గేజి దొరుకుతుంది. అది ఇంట్లో ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు. స్టెప్నీని మరిచిపోకండి. వాల్వు మీద చిన్న మూత పోతే పది రూపాయలది వేయించండి, దుమ్ము చేరకుండా ఉంటుంది.

నైట్రోజన్ సంగతి అడుగుతారు కొందరు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. స్వచ్ఛమైన నైట్రోజన్ కాస్త నెమ్మదిగా కారుతుందన్న మాట నిజమే. కానీ దానికి డబ్బు పెట్టి ఆరు నెలలు చూడకుండా ఉండటం కన్నా, మామూలు గాలి నెలకోసారి చూసుకోవడం నయం. కొత్త కార్లలో గాలి తగ్గితే చెప్పే దీపం ఉంటోంది. మంచిదే. కానీ చాలా బండ్లలో అది గాలి బాగా పడిపోయాకే వెలుగుతుంది. జ్వరం నూటనాలుగు వచ్చాక తెలిసినట్టు!

ఇంకొక్క మాట. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. నాలాగా తక్కువ తిరిగే ఇళ్లల్లో టైరు అరగకముందే ముసలిదైపోతుంది. పక్కగోడల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే, ఇంకా గాడులు ఉన్నాయి కదా అని లాగించకండి.

ఇంతకీ మేనల్లుడు ఏం చేస్తున్నాడో చెప్పలేదు కదూ! రోజూ తెల్లవారకముందే బండి తీసేటప్పుడు నాలుగు టైర్లూ కాలితో ఒకసారి తన్నేవాడు ఇదివరకు, అదే గాలి పరీక్ష అని. ఇప్పుడు వారానికోసారి గేజి పెడుతున్నాడు. కిందటి జత టైర్ల మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో, ఈ జత మీద ఎన్ని వస్తాయో రాస్తానని ఓ పుస్తకం కూడా కొన్నాడు. ఆ అంకె కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

ఈరోజు ఆదివారం. పేపరు చదివే వేళకు మీ బండి ఇంకా బయటికి తీసి ఉండరు. రాత్రంతా నిలబడిన టైర్లు చల్లగా ఉంటాయి. గాలి చూడటానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. కాఫీ తాగేసి, తలుపు చట్రం మీద అంకె చూసుకుని, వీధి చివర బంకు దాకా ఒకసారి వెళ్లొచ్చేయండి. స్టెప్నీ కూడా!